ఫ్యాట్ బైకా, మామూలు గేర్ల సైకిలా: ఒంగోలు కుర్రాడికి ఏది మేలు?

మా అక్క కొడుకు ఇంటర్‌లో చేరాడు. కాలేజీకి సైకిల్ కావాలంటే సరే అన్నాం. తీరా ఫోన్లో చూపించింది మోటార్‌సైకిల్ చక్రాల్లాంటి టైర్లున్న ఫ్యాట్ బైక్. "మామా, 12 వేలే! డిస్క్ బ్రేకులు, 7 గేర్లు" అన్నాడు. ఆ డబ్బుకే కర్నూలు రోడ్డు షాపులో పేరున్న కంపెనీ గేర్ల సైకిల్ వస్తుంది.

ఆ టైర్లు సోకు కోసం పుట్టినవి కాదు. అలాస్కా మంచులో, అమెరికా ఎడారి ఇసుకలో చక్రం దిగబడకుండా ఉండటానికి కనిపెట్టారు. 2005లో సర్లీ కంపెనీ పగ్‌స్లీ అనే మోడల్ తెచ్చాక మామూలు జనానికి అందాయి. 4 అంగుళాల టైరులో గాలి 6-8 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) మాత్రమే ఉంచితే ఇసుక మీద పరుచుకుని పోతుంది. కొత్తపట్నం బీచ్‌లో ఒకరిది అడిగి తొక్కాను. తడి ఇసుకలో హాయిగా సాగింది. సరుగుడు తోటల పక్కన పొడి ఇసుకలో చెమటలు పట్టించినా ఆగలేదు. మామూలు సైకిల్‌నైతే అక్కడ దిగి తోసుకుపోవాల్సిందే.

కానీ ఒంగోలు నుంచి కొత్తపట్నం చేరాలంటే ముందు సుమారు 18 కిలోమీటర్లు తారు రోడ్డు తొక్కాలి. ఆ మెత్తటి టైరుతో రోడ్డు మీద ఎవరో వెనక్కి లాగుతున్నట్టే ఉంటుంది. పోనీ అని పంక్చర్ షాపులో 30 దాకా కొట్టిస్తే గతుకుల్లో బంతిలా ఎగురుతుంది. రోడ్డుకి 15-20 మధ్య చాలు, కానీ గాలి మిషన్ దగ్గర అంత తక్కువ లెక్క ఎవరు చూస్తారు? బరువేమో 18 కిలోల పైనే. మా నాన్న పాత కడ్డీ సైకిల్ కూడా దాదాపు అంతే ఉండేది. సన్న టైరు, గట్టి గాలి కాబట్టి పాల క్యాన్లతో కూడా సాగేది.

చవక బ్రాండ్లన్నీ చెత్త అనను. అయితే 12 వేలలో లావు టైర్లు, వెడల్పు రిమ్ములు పెద్ద వాటా మింగేస్తే, కోత కంటికి కనపడని చోట పడుతుంది. బేరింగుల్లో గ్రీజు పేరుకే ఉంటుంది. చక్రాల పుల్లలు సరిగ్గా బిగించి ఉండవు. మన ఉప్పుగాలికి తుప్పు పట్టడానికి ఇంకేం కావాలి? పక్కింటి కుర్రాడి బండికి ఏడాది తిరక్కుండానే పెడల్ ఇరుసు ఊగిపోయింది. మెకానిక్ దగ్గరున్న ఇరుసు దానికి సరిపోలేదు. మామూలు గేర్ల సైకిళ్లలో ఆ ఇరుసు కూర్చునే ఫ్రేము గొట్టం వెడల్పు 68 లేదా 73 మిల్లీమీటర్లు, చాలా ఫ్యాట్ బైకుల్లో 100. ఆన్‌లైన్‌లో తెప్పించేదాకా మూడు వారాలు బండి గోడకే.

సర్కారు తుమ్మ ముల్లుకి లావు టైరైనా సన్న టైరైనా ఒకటే. మామూలు ట్యూబ్ ఏ సందులోనైనా దొరుకుతుంది, దీనిది దొరకదు.

మావాడికి గేర్ల సైకిలే కొన్నాం, క్యారియరూ మడ్‌గార్డులూ విడిగా వేయించాం. ఇల్లు తీరంలోనే ఉండి, రోజూ ఇసుకలో తిరిగేవాళ్లయితే ఫ్యాట్ బైకే కొనండి. తొక్కేముందు మాత్రం ఇరుసులు విప్పించి గ్రీజు పెట్టించండి, రెండు ట్యూబులు అప్పుడే అదనంగా తీసుకోండి.