టెంపొరల్ క్వెరీలు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

నడుస్తున్న వర్క్‌ఫ్లో (ఆర్డరు లాంటి అనేక దశల పనిని నడిపే కోడ్) ఏ దశలో ఉందో తెలియడానికి విడిగా ఒక డేటాబేస్ టేబుల్ పెట్టడం నాకు నచ్చదు. ఒకే సంగతి రెండుచోట్ల రాస్తే ఏదో ఒకటి వెనకబడుతుంది. వర్క్‌ఫ్లోలు మధ్యలో ఆగినా కొనసాగేలా నడిపే సాఫ్ట్‌వేర్ టెంపొరల్; దాని పైథాన్ ఎస్‌డీకేలో (లైబ్రరీలో) ఆ అవసరమే లేదు. వర్క్‌ఫ్లో క్లాసులో చిన్న మెథడ్ రాసి, క్వెరీ డెకరేటర్ పెట్టి, వర్క్‌ఫ్లో ఐడీతో హ్యాండిల్ (ఆ వర్క్‌ఫ్లోతో మాట్లాడే ఆబ్జెక్ట్) తీసుకుని బయటినుంచి అడగడమే. హిస్టరీలో (వర్క్‌ఫ్లోలో జరిగినవన్నీ వరుసగా ఉండే రికార్డులో) ఒక్క ఈవెంట్ కూడా పెరగదు.

జవాబు ఎంత సరిగ్గా ఉంటుందన్నది మాత్రం మన కోడ్ చేతిలోనే ఉంది. వర్క్‌ఫ్లో కోడ్ ఏదో ఒక అవైట్ (ఫలితం కోసం ఎదురుచూసే చోటు) దగ్గర ఆగి ఉన్నప్పుడే క్వెరీ నడుస్తుంది. కాబట్టి దశ పేరు మార్చే లైను యాక్టివిటీని (పేమెంట్ లాంటి బయటి పని చేసే ఫంక్షన్‌ని) అవైట్ చేయకముందే ఉండాలి. తర్వాత పెడితే పేమెంట్ జరుగుతున్నంతసేపూ స్క్రీన్ మీద "స్టాక్ చూస్తున్నాం" అనే ఉంటుంది. కలిసి మారాల్సిన రెండు ఫీల్డుల మధ్య అవైట్ వస్తే సగం పాతది, సగం కొత్తది బయటికొస్తుంది.

క్వెరీ మెథడ్‌ని మామూలు డెఫ్‌తోనే రాయండి, అందులో ఏ ఫీల్డునూ మార్చకండి. ఆ మార్పు హిస్టరీకి ఎక్కదు, రీప్లేలో (హిస్టరీని బట్టి కోడ్‌ను మొదటినుంచి మళ్లీ నడిపినప్పుడు) పోతుంది. ఆ ఫీల్డును బట్టి కోడ్ దారి మారేలా ఉంటే కోడ్ హిస్టరీతో సరిపోలడం లేదనే నాన్‌డిటర్మినిజం ఎర్రర్ వస్తుంది. ఫీల్డును మార్చి, జవాబు కూడా తీసుకోవాలంటే టెంపొరల్‌లోనే అప్‌డేట్ అనే మరో రకం పిలుపు ఉంది.

జవాబిచ్చేది సర్వర్ కాదు, వర్కర్ (మన కోడ్‌ను నడిపే ప్రాసెస్). వర్కర్లు పడిపోతే క్వెరీ కూడా లేనట్టే. వర్క్‌ఫ్లో కాష్‌లో ఉంటే జవాబు వెంటనే వస్తుంది (పైథాన్‌లో కాష్ డిఫాల్ట్ 1000), లేకపోతే హిస్టరీ మొత్తం రీప్లే కావాలి. వేల ఈవెంట్లున్నచోట ఆ ఆలస్యం బాగా తెలుస్తుంది. రిటెన్షన్ గడువు (ముగిసిన వర్క్‌ఫ్లో హిస్టరీని సర్వర్ ఉంచే కాలం) లోపల ముగిసిన వర్క్‌ఫ్లోలను కూడా అడగగలగడం నాకు చాలా ఇష్టమైన సౌకర్యం. కాకపోతే ప్యాచ్ (పాత వర్క్‌ఫ్లోలకు పాత దారినే ఉంచే గుర్తు) లేకుండా కోడ్ మార్చేస్తే నిన్న ముగిసిన ఆర్డరు ఈరోజు క్వెరీకి ఎర్రర్ ఇస్తుంది. పాత ప్యాచ్‌లను రిటెన్షన్ గడిచేదాకా తీయకండి.

వందల ఆర్డర్లను ఒకే పేజీలో చూపాలంటే క్వెరీ వద్దు. దశను సెర్చ్ అట్రిబ్యూట్‌లో (వర్క్‌ఫ్లోలను వెతకడానికి వాడే ఫీల్డులో) రాసి లిస్ట్ చేయండి. యాక్టివిటీ లోపల ఎంత పని అయిందో కూడా క్వెరీకి కనబడదు. దానికి హార్ట్‌బీట్ (నడుస్తున్నానని యాక్టివిటీ పంపే సంకేతం) వివరాలు పంపి, డిస్క్రైబ్‌తో (వర్క్‌ఫ్లో వివరాలు తెచ్చే కాల్‌తో) చదవాలి. హార్ట్‌బీట్ టైమౌట్ 30 సెకన్లయితే సర్వర్‌కి చేరేది సుమారు 24 సెకన్లకోసారి. అంతకంటే తాజా అంకె కావాలంటే ఆ టైమౌట్‌ను తగ్గించవచ్చు.