ఎర్ర పెన్ను పక్కన పెట్టి నాలుగేళ్లు: మూడుల్‌లో కేర్ ప్లాన్లు దిద్దిన అనుభవం

హైదరాబాద్‌లో ఒక నర్సింగ్ కాలేజీలో మెడికల్ సర్జికల్ నర్సింగ్ చెబుతాను. నాలుగేళ్ల కిందటి దాకా 60 మంది విద్యార్థుల కేర్ ప్లాన్లు (ఒక్కో పేషెంట్‌కు ఏ సేవ ఎందుకు చేయాలో రాసే రికార్డులు) రెండు సంచుల్లో మోసుకుని ఎల్బీనగర్ వైపు మెట్రో ఎక్కేదాన్ని. ఒకసారి అమీర్‌పేటలో సంచి చిరిగి రికార్డులన్నీ జనం కాళ్ల కింద పడ్డాయి. ఆ ఏడాదే మా కాలేజీలో మూడుల్ పెట్టారు; పిల్లలు రాసింది ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేస్తే టీచర్లు అక్కడే దిద్దే సాఫ్ట్‌వేర్ అది.

2002లో ఆస్ట్రేలియాలో మార్టిన్ డోగియామస్ విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. సర్వరూ, దాన్ని చూసుకునే మనిషీ ఉచితం కాదన్న సంగతి మా యాజమాన్యానికి కాస్త ఆలస్యంగా తెలిసింది. వర్డ్ ఫైళ్లను పీడీఎఫ్‌గా మార్చే ఏర్పాటు మా సర్వర్‌లో ఎవరూ చేయలేదు. పిల్లలనే పీడీఎఫ్ పంపమని మొదటి సెమిస్టర్ గట్టెక్కించాం.

టైమ్ మిగిలిందా అని తోటి టీచర్లు అడుగుతారు. లేదు. మిగిలింది ఇంకొకటి: నేను రాసింది పిల్లలు చదువుతున్నారు. కాగితం రోజుల్లో మార్కు చూసి రికార్డు మూసేసేవారు. ఇప్పుడు మొదటి ప్రతికి మార్కు వేయను. పీడీఎఫ్ మీద వ్యాఖ్యలు పెట్టి పంపుతాను, సరిచేసి మళ్లీ అప్‌లోడ్ చేస్తేనే మార్కు. నర్సింగ్ డయాగ్నసిస్ గడిలో రాయాల్సింది జబ్బు పేరు కాదు, నర్సు చూసుకోవాల్సిన ఇబ్బంది. అక్కడ ‘న్యుమోనియా’ అని రాసిన పిల్ల, రెండోసారి ‘ఇనెఫెక్టివ్ ఎయిర్‌వే క్లియరెన్స్’ (శ్వాసమార్గం సరిగా శుభ్రపడకపోవడం) అని రాసి, కఫం బయటికి రాకపోవడాన్ని కారణంగా చూపించింది. అదే కదా మేం నేర్పాల్సింది!

ఒకసారి రాసిన వ్యాఖ్యను దాచుకుని మళ్లీ వాడుకునే క్విక్‌లిస్ట్ ఉంది. నాకు బద్ధకం నేర్పిందీ అదే. ‘రేషనల్ ఏది?’ (అంటే, ఆ సేవ ఎందుకు చేశారో కారణం ఏది?) అని కనిపించిన ప్రతి చోటా అతికించుకుంటూ పోయాను. ఒక అమ్మాయి స్టాఫ్ రూమ్‌కి వచ్చి, “మేడమ్, నాకూ మా రూమ్మేట్‌కూ ఒకే మాట పెట్టారు. నేను రేషనల్ రాశాను కదా?” అంది. తెరిచి చూశాను. పేషెంట్‌కు సెమీ ఫౌలర్స్ పొజిషన్ (తల వైపు ఎత్తి సగం కూర్చున్నట్టు పడుకోబెట్టడం) ఎందుకిచ్చిందో చక్కగానే రాసింది, కాకపోతే ఇంటర్వెన్షన్ గడిలో, అంటే చేసిన సేవ రాసే చోట కలిపేసింది. సిగ్గేసింది. అప్పటి నుంచి ప్రతి ప్లాన్‌లో ఒక్క వ్యాఖ్యైనా కొత్తగా టైప్ చేస్తున్నాను.

పేర్లు దాచి దిద్దే పద్ధతి కూడా పెట్టి చూశాం. మొదటి పేజీలోనే రోల్ నంబర్ పెద్దక్షరాలతో వేసుకొచ్చారు!

కాపీ సంగతి చెప్పక్కర్లేదు. సీనియర్ల ఫైలు మార్చుకుని పెట్టిన ఒక ప్లాన్‌లో పేషెంట్ వయసు రెండో పేజీలో 54, ఆరో పేజీలో 38.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఫోన్ ఫొటోలు. రాసుకునే ఓపిక లేక కేస్ షీట్‌నే ఫొటో తీసి జతచేసేవారు, పేషెంట్ పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబర్ స్పష్టంగా కనిపించేలా. అలాంటివి చదవకుండానే తిప్పి పంపుతాను. వార్డులో ఫోన్ బయటికి తీయకూడదన్న నియమం ఆ తర్వాతే గట్టిగా అమలు చేశాం.

టీపీఆర్ షీటు (జ్వరం, నాడి, శ్వాస లెక్క), ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు (ఒంట్లోకి వెళ్లిన, బయటికి వచ్చిన ద్రవాల లెక్క) మాత్రం ఇప్పటికీ చేత్తోనే రాయిస్తాను. డ్యూటీలో చేరాక పెన్ను పట్టక తప్పదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి ఏడాది ఒక్క సబ్జెక్టుతో సరిపెట్టుకోండి. రోజుకు 15 ప్లాన్లకు మించి దిద్దకండి. పదహారో దానికి నా కళ్లు మండుతాయి, మాట కూడా కటువవుతుంది.