స్కంక్ బెడద, ఇంట్లో కుక్కలు: బోను మేలా, మెష్ మేలా?

టెక్సాస్‌లో, డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఇల్లు అమ్మేసి ఇంకాస్త ఉత్తరంగా సెలైనా, గంటర్ వైపు ఎకరమో రెండెకరాలో కొనుక్కున్న మనవాళ్ళకి మొదట్లో పాముల భయం, కాస్త అలవాటు పడ్డాక స్కంకుల భయం, అంటే వెనక నుంచి కంపు కొట్టే ద్రవం చిమ్మే, పిల్లంత నలుపు తెలుపు జంతువులు. పాము దాని దారిన అది పోతుంది. స్కంక్ మాత్రం డెక్ (ఇంటికి ఆనుకుని ఉండే చెక్క అరుగు) కిందో షెడ్డు కిందో కాపురం పెట్టేస్తుంది, ఇంట్లో కుక్క కూడా ఉంటే చీకటి పడ్డాక తలుపు తియ్యాలన్నా టెన్షనే. అందరూ అడిగేది ఒకటే: బోను పెట్టి పట్టాలా, మందు చల్లి తరమాలా, కన్నాలు మూసెయ్యాలా, కాల్చెయ్యాలా, డబ్బులిచ్చి ఎవరినైనా పిలవాలా? నా మాట ముందే చెప్పేస్తాను. కుక్కలున్న ఇంటికి ముందు తిండి తీసెయ్యడం, తర్వాత మెష్ (ఇనప జాలీ) వేసి కన్నం మూసెయ్యడం, ఈ రెండూ చేస్తే చాలా వరకు సరిపోతుంది. బోను ఆఖరి దారి. సీసాల్లో అమ్మే మందులు శుద్ధ దండగ.

అసలు అది మన పెరట్లోకి ఎందుకొస్తుందో చూస్తే సగం సంగతి తేలిపోతుంది. గడ్డి కింద ఉండే పురుగుల కోసం వస్తుంది, పొద్దున్నే లేచి చూస్తే లాన్‌లో అక్కడక్కడా గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు కనపడతాయి, అవి దాని పనే. ఎలకల్ని తింటుంది, కందిరీగల గూళ్ళు తవ్వి తినేస్తుంది, కోళ్ళు ఉంటే గుడ్లు తింటుంది. అన్నిటికన్నా సులువుగా దొరికేది వరండాలో కుక్క గిన్నెలో మనం రాత్రంతా వదిలేసిన తిండి. కుక్క గిన్నె లోపల పెట్టి, చెత్త డబ్బాకి గట్టి మూత పెట్టి, చెట్టు కింద రాలిన పండ్లు ఏరేసి, పక్షుల దాణా కింద పడకుండా చూసుకుంటే సగం స్కంకులు ఆగకుండా దాటిపోతాయి. దీనికి రూపాయి ఖర్చు లేదు, అందుకేనేమో ఎవరూ పట్టించుకోరు. రాత్రి పూట అలా నడుచుకుంటూ దాటిపోయే స్కంక్‌తో మనకి పేచీ లేదు, మన ఎలకల్ని తిని పోతుంది, పోనీండి. పేచీ అంతా ఇంటి కింద గూడు పెట్టిన దానితోనే.

ఇంకో సంగతి, అది ఊరికే చిమ్మదు. ముందు కాళ్ళతో నేల మీద టపటపా కొడుతుంది, తోక నిలబెడుతుంది, అప్పటికీ ఎదుటివాడు కదలకపోతే ఒళ్ళు వంచి వెనక భాగం మనవైపు తిప్పుతుంది. పదడుగుల లోపు గురి తప్పదు. మనిషైతే ఆ కాళ్ళ చప్పుడుకే వెనక్కి తగ్గుతాడు. కుక్కకి అదే ఆటకి పిలుపులా కనపడుతుంది, ఇంకా మీదికి పోతుంది. కాబట్టి కుక్కల్లేని ఇంటికి పనికొచ్చే సలహా కుక్కలున్న ఇంటికి పనికిరాదు.

మందుల సంగతి తొందరగా చెప్పేస్తాను. కలరా ఉండలు షెడ్డు కింద విసిరేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అవి మూసిన పెట్టెల్లో బట్టలకి వాడటానికి, ఆరుబయట అలా వాడటం అమెరికాలో లేబుల్ నిబంధనకి విరుద్ధం. అది పక్కన పెట్టినా, కుక్క ఒక్క ఉండ మింగిందంటే వెట్ దగ్గరికి పరుగే. అమ్మోనియా గుడ్డలు, కయోటీ (చిన్న తోడేలు లాంటి జంతువు) మూత్రం సీసాలు ఒక వాన పడితే కొట్టుకుపోతాయి. మనిషి కదిలితే వెలిగే లైటుకి అది కొన్నాళ్ళకి అలవాటు పడిపోతుంది. కదలిక చూసి నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ వీటన్నిటికన్నా కాస్త నయం, కానీ అది కూడా దారి మళ్ళించడానికే, గూట్లో ఉన్నదాన్ని లేపడానికి కాదు. విషం పెట్టే ఆలోచనే వద్దు, మొదట తినేది మీ కుక్కే.

ఇక బోను. చాలామంది మొదట దీనికే వెళ్తారు, ఎందుకంటే పని జరిగినట్టు కళ్ళకి కనపడుతుంది. పట్టాం, బండిలో పెట్టాం, పది మైళ్ళ అవతల చెరువు గట్టున వదిలేశాం, పుణ్యం కూడా వచ్చింది అనుకుంటారు. టెక్సాస్‌లో అది కుదరదు. ఇక్కడ స్కంకులు రేబీస్ మోసే జంతువుల్లో ముందుంటాయి, అందుకే రాష్ట్రం మొత్తానికీ క్వారంటైన్ నిబంధన ఉంది, స్కంకులు, నక్కలు, రకూన్లు, కయోటీలని మామూలు మనుషులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించకూడదు. ఇంటి స్థలంలో బెడదగా ఉన్నదాన్ని యజమాని లైసెన్సు లేకుండానే చంపొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. అంటే బోనులో పడ్డాక మీ ముందు రెండే దారులు: అక్కడే వదిలెయ్యడం, లేదా చంపడం. పెట్టేముందే ఆ రెండింటిలో ఏది చెయ్యగలరో ఇంట్లో మాట్లాడుకోండి. పొద్దున్న ఆరింటికి పిల్లలు కిటికీలోంచి చూస్తుండగా తేల్చుకునే విషయం కాదది.

బోను వాడక తప్పదనుకుంటే ఇనప తీగల బోను కాకుండా, చుట్టూ మూసి ఉండే ప్లాస్టిక్ బోను తీసుకోండి, లోపల తోక నిలబెట్టే చోటు ఉండదు, బయట ఎవరున్నారో దానికి కనపడదు. తీగల బోనే దొరికితే దాని మీద ముందే పాత దుప్పటి కప్పి పెట్టండి, పట్టుబడ్డాక కప్పుదామంటే ఆలస్యమైనట్టే. ఎరగా చేపలు, క్యాట్ ఫుడ్ పెడితే పక్కింటి పిల్లి పడుతుంది, పీనట్ బటర్ మేలు. ఇంత చేసి ఒకదాన్ని వదిలించుకున్నా కన్నం అలాగే ఉంటే ఇంకోటి వస్తుంది, ఖాళీ ఇల్లు అద్దెకి దొరికినట్టే కదా దానికి. పైగా వసంతంలో పట్టింది తల్లయితే, పిల్లలు డెక్ కింద ఆకలితో చస్తాయి, ఆ వాసన స్కంక్ వాసనకి ఏమాత్రం తీసిపోదు.

తుపాకీ గురించి రెండు ముక్కలు. ఊరి హద్దుల్లో ఉన్నా, బయట కౌంటీలో ఉన్నా, మీ స్థలంలో కాల్చొచ్చో లేదో ముందు కనుక్కోవాలి. చచ్చేటప్పుడు అది తరచుగా చిమ్మేసే పోతుంది, డెక్ పక్కన కాలిస్తే ఇక ఆ డెక్ మీద కాఫీ తాగడం కొన్ని వారాలు మర్చిపోండి. ఇంకా ముఖ్యం, అది కుక్కని కరిచి ఉంటే తల మీద కాల్చకూడదు. రేబీస్ పరీక్ష మెదడు మీదే చేస్తారు, తల చెదిరితే పరీక్షే ఉండదు. అయితే పట్టపగలు తూలుతూ, మనుషుల్ని చూసి కూడా భయపడకుండా తిరిగే స్కంక్ సంగతి వేరు, పగలు కనపడినంత మాత్రాన జబ్బుందని కాదు గానీ నడక తేడాగా ఉంటే కుక్కల్ని లోపలికి లాగేసి యానిమల్ కంట్రోల్‌కి ఫోన్ చెయ్యండి. అక్కడ మెష్, బోను అనే చర్చకి టైం లేదు.

మెష్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మేలైన దారి ఇదే, కానీ తప్పుగా చేసేవాళ్ళూ ఇక్కడే ఎక్కువ. ఇంటి సామాన్ల షాపులో హార్డ్‌వేర్ క్లాత్ అని అడగండి, అర అంగుళం గళ్ళది, గాల్వనైజ్ చేసిన ఇనుము. కోళ్ళ జాలీ వద్దు, సన్నటి తీగ, వంచేస్తుంది. డెక్ చుట్టూ అడుగు లోతు తవ్వి, మెష్‌ని నిలువుగా దింపి, కింద ఇంకో అడుగు బయటివైపుకి మడిచి పూడ్చాలి. బయటివైపుకే, లోపలివైపుకి కాదు. స్కంక్ గోడ మొదట్లోనే తవ్వుతుంది, కింద తీగ తగిలితే ఆగుతుంది, రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. ఇక్కడి నేల మనకి తెలిసినదే, అచ్చం గుంటూరు, కర్నూలు నల్లరేగడి లాంటిది, వాన పడితే బూటుకి అంటుకుని వదలదు, ఆగస్టులో చేతులు పట్టేంత నెర్రెలు విడిచి రాయి అయిపోతుంది. ఆ ఎండలో పార పట్టుకుని బయల్దేరకండి. శరదృతువులో ఒక మంచి వాన పడి రెండు మూడు రోజులు ఆరాక తవ్వితే వెన్నలా తెగుతుంది. ఎండాకాలంలో మట్టి ముడుచుకుని పునాదికి దూరం జరుగుతుంది, ఆ సందుని కూడా చూసుకుంటూ ఉండాలి.

మూసేముందు లోపల ఎవరూ లేరని తేల్చుకోవాలి. కన్నం ముందు సాయంత్రం మైదా పిండి పల్చగా చల్లండి, చీకటి పడి రెండు మూడు గంటలయ్యాక టార్చి వేసి చూడండి, అడుగులు బయటికి వెళ్ళినట్టు ఉంటే అప్పుడు మూసెయ్యొచ్చు. అడుగులు అర్థం కాకపోతే ఒకవైపుకే తెరుచుకునే చిన్న తలుపు దొరుకుతుంది, పైన కీలు, బయటికి తోస్తే తెరుచుకుంటుంది, తిరిగి లోపలికి రావాలంటే రాదు. కొన్ని రాత్రులు దాన్ని అలాగే ఉంచి తర్వాత మెష్ వేసెయ్యండి. ఏప్రిల్ నుంచి జూలై సగం దాకా మాత్రం ఈ పని ముట్టుకోవద్దు. పిల్లలు లోపల ఉంటాయి, తల్లిని బయటపెట్టి మూస్తే బోనుతో వచ్చే పాపమే దీనితోనూ వస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసుకి పిల్లలు తల్లి వెనకే వరసగా బయటికి నడుస్తాయి, ఆ తర్వాత మూయండి. ఆ మూడున్నర నెలలు ఏం చెయ్యాలంటారా, ఓపిక పట్టాలి, కుక్కని అటువైపు పోకుండా చూసుకోవాలి, అంతే.

డబ్బులిచ్చి పిలిస్తే? నడుం నొప్పి ఉన్నవాళ్ళకి తప్పదు. వచ్చినవాణ్ణి ఒక్కటి అడగండి: పట్టి వెళ్తారా, మూసి వెళ్తారా? తలకింత అని పట్టినదానికే లెక్కగట్టేవాడికి మీ కన్నం తెరిచి ఉంటేనే లాభం. వందల డాలర్లు పెట్టేటప్పుడు ఆ డబ్బు మెష్ మీద పెట్టేవాణ్ణే తెచ్చుకోండి.

కుక్క వైపు చెయ్యాల్సినవి ఇంకా సులువు. రాత్రి ఆఖరిసారి బయటికి తీసుకెళ్ళేటప్పుడు లీష్ వెయ్యండి, ఎకరం ఉంది కదా అని తలుపు తీసి వదిలెయ్యకండి. ముందు లైటు వేసి, తలుపు తట్టి చప్పుడు చేసి, ఒక నిమిషం ఆగి వెళ్ళండి, స్కంక్ తీరిగ్గా వెళ్ళిపోయే రకం, దానికి ఆ టైం ఇవ్వాలి. రేబీస్ టీకా తేదీ ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. టీకా ఉన్న కుక్కకి స్కంక్‌తో కొట్లాట జరిగితే వెంటనే బూస్టర్ వేసి 45 రోజులు ఇంట్లోనే గమనించమంటారు. టీకా లేకపోతే నెలల తరబడి ఒంటరిగా కట్టేసి ఉంచాలి, కొన్నిసార్లు చంపెయ్యమనే మాట కూడా వస్తుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒకరోజు స్కంక్ కుక్క మీద చిమ్మి కొడుతుంది. టమాటా రసమా, పెరాక్సైడా అన్న గొడవ అప్పుడు మొదలవుతుంది. టమాటా రసంతో వాసన పోదు, ఆ కంపులో కాసేపు ఉన్నాక మన ముక్కే మొద్దుబారి పోయిందనుకుంటాం, బయటినుంచి వచ్చినవాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. ఉత్త నీళ్ళు ఇంకా దరిద్రం. స్కంక్ చిమ్మే ద్రవంలో థయాల్స్ అనే గంధకపు పదార్థాలే కాకుండా తడి తగిలితే మెల్లగా మళ్ళీ థయాల్స్‌గా మారేవి కూడా ఉంటాయి, అందుకే వారం తర్వాత కుక్క వానలో తడిస్తే మళ్ళీ కంపు లేస్తుంది. పాల్ క్రెబామ్ అనే కెమిస్ట్ ల్యాబులో ఇలాంటి గంధకపు వాసనల్ని పోగొట్టే పద్ధతిని, స్కంక్ కొట్టిన సహోద్యోగి పిల్లి కోసం పలచన చేసి ఇచ్చి, 1993లో ప్రచురించాడు. ఒక క్వార్టు (దాదాపు లీటరు) 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, పావు కప్పు బేకింగ్ సోడా, ఒక టీస్పూను గిన్నెలు తోమే లిక్విడ్. మొదటి రెండూ కలిసి థయాల్స్‌ని వాసన లేని పదార్థంగా మార్చేస్తాయి, సబ్బు నూనెని వదిలిస్తుంది.

కుక్కని లోపలికి రానివ్వకండి, అది మొదట చేసేది మొహం కార్పెట్‌కేసి రుద్దుకోవడమే. నోట్లోంచి నురగ కారుతుంది, కళ్ళు ఎర్రబడతాయి, కళ్ళని మంచినీళ్ళతోనే కడగండి. చేతులకి గ్లవ్స్ వేసుకుని, ఒళ్ళు తడపకుండానే, బకెట్లో అప్పటికప్పుడు కలిపి బుసబుసమంటుండగా ఒంటికి పట్టించండి, మొహం మీదైతే కళ్ళల్లోకి, నోట్లోకి పోకుండా స్పాంజితో అద్దండి. ఐదు నిమిషాలు ఉంచి బాగా కడగండి. నల్ల కుక్క అయితే బొచ్చు కొంచెం రంగు తగ్గొచ్చు. మిగిలింది సీసాలో పోసి దాచకండి, గ్యాస్ పుట్టి సీసా పేలుతుంది, ఇది షాపుల్లో కలిపి అమ్మకపోవడానికి కారణం కూడా అదే. పెరాక్సైడ్, సోడా విడివిడిగా గరాజ్‌లో ఉంచుకోండి, ఇది జరిగేది ఎప్పుడూ షాపులు మూసేశాకే. తర్వాత రెండు మూడు రోజులు కుక్క చిగుళ్ళు చూస్తూ ఉండండి. అరుదే గానీ స్కంక్ చిమ్మిన ద్రవం ఎర్ర రక్తకణాల్ని దెబ్బ తీసిన కేసులున్నాయి, చిగుళ్ళు పాలిపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వాసన సంగతి వదిలేసి నేరుగా వెట్ దగ్గరికి బయల్దేరండి.