ఉదయగిరి కోట ట్రిప్: ముట్టడి కథ బాగా చెప్పారు, ఆ తర్వాతి కథే ఎగ్గొట్టారు

మొన్న ఆదివారం నెల్లూరు నుంచి ఉదయగిరి కోట వన్ డే ట్రిప్‌కి వెళ్లొచ్చాం. మనిషికి 1,200, టిఫిను, భోజనం వాళ్లవే. ఆత్మకూరు దాటేసరికే వ్యాన్‌లో ఏసీ పోయింది, ఇడ్లీలు గట్టిపడిపోయాయి, కారప్పొడి మాత్రం అదిరింది.

గైడ్ కుర్రాడు కొండెక్కుతూ చెప్పిన ముట్టడి కథకి మాత్రం డబ్బులు వసూల్. 1513లో కృష్ణదేవరాయలు దీని మీదకి వస్తే కోట లొంగడానికి ఏడాదిన్నర పట్టింది, ఎందుకో ఎక్కి చూస్తే మీకే అర్థమవుతుంది, కొండ అంత నిటారు, అందుకే చుట్టూ కాపు కాసి పైకి తిండిగింజలు పోకుండా ఆపి, ఇంకోపక్క బండలు పగలగొట్టించి సైన్యానికి దారి చేయించాడట. మధ్యలో కోట ఎవరి చేతిలో ఉందో ఆ ఒడిశా రాజు ప్రతాపరుద్ర గజపతి సైన్యంతో వస్తే కొండవీడు దాకా తరిమారట. వింటూ మోకాళ్ల నొప్పి మర్చిపోయా.

1514లో కోట పడగానే మావాడు కథ ఆపేసి "ఇక సెల్ఫీలు తీసుకోండి" అన్నాడు. అదేంటి! గిద్దలూరు నుంచి వచ్చిన రిటైర్డ్ సుబేదార్ గారు ఊరుకోలేదు. "గెలిచాక రాయలు ఏం చేశాడో చెప్పు బాబూ. గెలవడం ఒకెత్తు, నిలుపుకోవడం ఒకెత్తు. అమెరికావాళ్లు బాగ్దాద్‌ని మూడు వారాల్లో పట్టుకున్నారు, 2003 మేలో ఇరాక్ సైన్యాన్నే రద్దు చేశారు. తుపాకీ పట్టడం వచ్చినోళ్లని ఉద్యోగం పీకి ఇంటికి పంపితే ఊరుకుంటారా? తిరుగుబాటుకి మనుషులు అక్కడే దొరికారు." గైడ్ నీళ్లు నమిలాడు.

తెలిసినంత నేనే చెప్పా. ఉదయగిరిని రాయలు తన అధికారి రాయసం కొండమరుసయ్యకి అప్పగించాడు, 1515లో కొండవీడు గెలిచాక అక్కడ తన మంత్రి తిమ్మరుసు మేనల్లుళ్లు నాదెండ్లవాళ్లని పెట్టాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు (అప్పుడు ఈ ఊరివాళ్లకి ఎలా అనిపించిందో!). ఒడిశా దాకా వెళ్లి కూడా చివరికి గజపతితో సంధి చేసుకుని, ఆయన కూతుర్ని పెళ్లాడి, కృష్ణా నదికి అవతల గెలిచిన నేల తిరిగిచ్చేశాడు. "అంత దూరం కాపలా కాయడం కంటే అదే చవకలే" అన్నారు సుబేదార్ గారు. ఈ కబుర్లు గైడ్ చెప్పుంటే ఇంకో స్టార్ ఇచ్చేవాణ్ని.

భోజనం మూడింటికి పెట్టారు, అప్పటికి సాంబారు అయిపోయింది. ఊళ్లో చెక్క గరిటెలు కొనుక్కోవడానికి పది నిమిషాలే ఇచ్చారు, మా ఆవిడ ఇంకా సణుగుతూనే ఉంది. వెళ్లేవాళ్లు మనిషికి రెండు లీటర్ల నీళ్లు మోసుకెళ్లండి, పైన కొనడానికి దొరకవు. 5కి 3.