పాత లాప్‌టాప్‌కి విండోస్ 11, ర్యామ్ వేయిస్తున్నారా? ముందు ఇది చదవండి

కోపం ఇంకా తగ్గలేదు, రాతలో తేడాలుంటే సర్దుకోండి. పాత లాప్‌టాప్‌లు అప్‌గ్రేడ్ చేసిచ్చే వాళ్ళ గురించే ఇది. "పాత సిస్టమ్ పారేయకండి, కొత్తదానిలా చేసిస్తాం" అంటూ ఎక్కడ చూసినా కనిపించేది వాళ్ళే.

నాది సిక్స్త్ జెన్ (ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్) ఐ5 లాప్‌టాప్. రెండు 4 జీబీ ర్యామ్‌లు, కొన్నప్పుడే వచ్చిన ఒరిజినల్ విండోస్ 10 హోమ్. 2025 అక్టోబర్ 14తో దానికి సపోర్ట్ ఆగిపోయింది కదా, ఆ టెన్షన్ ఒకటి. ర్యామ్ 16 చేసి విండోస్ 11 వేసిస్తామన్నారు. ర్యామ్‌కి వేరే, లైసెన్స్‌కి వేరే, వేసినందుకు వేరే. అడిగినంతా ఇచ్చాను.

ఇంటికి తెచ్చాక టాస్క్ మేనేజర్ తెరిచా. మెమరీ 16 జీబీ, నిజమే. కింద చూస్తే రెండు స్లాట్లలో ఒకటే వాడకంలో ఉంది. ఉన్న రెండు ర్యామ్‌లూ పీకేసి ఒకే 16 స్టిక్ పెట్టారన్నమాట. సింగిల్ ఛానల్ అయింది, అంటే డేటా ఒకే దారిలో వెళ్ళి వేగం తగ్గుతుంది, పైగా ఇందులో గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్ మీదే బతకాలి. సరే, కనీసం కొత్తదేనా అని సీపీయూ-జెడ్ అనే టూల్‌లో ర్యామ్ వివరాలు చూపించే ఎస్‌పీడీ ట్యాబ్ చూస్తే తయారీ సంవత్సరం 2018! బిల్లులో మాత్రం "బ్రాండ్ న్యూ".

అసలు కథ విండోస్‌ది. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ చూస్తే, మీ సంస్థ యాక్టివేషన్ సర్వీస్ ద్వారా యాక్టివేట్ అయింది అని ఉంది. నాకో సంస్థ ఉందని నాకే తెలీదు! ఇది కేఎంఎస్ క్రాక్. ఆఫీసుల కోసం పెట్టిన పద్ధతిని దొంగదారిలో వాడటం, ఒకసారి యాక్టివేట్ అయితే 180 రోజులే చెల్లుతుంది. దానికోసం విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌లో ఒక ఫోల్డర్‌ని స్కాన్ చేయకుండా వదిలేయమని కూడా సెట్ చేసి పెట్టారు. నా ఒరిజినల్ హోమ్ లైసెన్స్ మదర్‌బోర్డుకే ముడిపడి ఉంటుంది, 11 హోమ్ వేస్తే దానంతటదే యాక్టివేట్ అయ్యేది. ఉచితంగా వచ్చేదాన్ని తీసేసి దొంగ ప్రో ఎడిషన్ వేసి, దానికి లైసెన్స్ డబ్బులు!

పైగా సిక్స్త్ జెన్ విండోస్ 11 సపోర్ట్ చేసే ప్రాసెసర్ల లిస్టులోనే లేదు. చెకింగ్ దాటించి వేశారు. ఇలా వేసిన వాటికి అప్‌డేట్స్ వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే నిర్ణయం నేనే తీసుకునేవాణ్ణి.

వాళ్ళకి ఫోన్ చేశా. ఎత్తినవాణ్ణి లైసెన్స్ సంగతి అడిగితే "పనిచేస్తోంది కదా సార్, ఇంకేం కావాలి?" అన్నాడు. సరే, నా పాత ర్యామ్‌లు రెండూ తిరిగిచ్చేయమన్నా. ఒక్క క్షణం ఆగి, పక్కన ఎవరితోనో "పాత ముక్కలు కావాలంట రా" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నాకు వినబడేలా. తర్వాత నాతో, "అవి చెత్తలో వేసేశాం సార్. అసలు మీ లాప్‌టాప్ వయసెంత? దానికి 11 ఎక్కించడమే గొప్ప. అంత అనుమానమైతే కొత్తది కొనుక్కోవాల్సింది."

డబ్బు తీసుకునే రోజు ఇదే లాప్‌టాప్ "గట్టి మెషీన్ సార్, ఇంకో ఐదేళ్ళు ఢోకా లేదు". ఇప్పుడు దాని వయసు గుర్తొచ్చింది. ఆ రాత్రే వాళ్ళ లిస్టింగ్స్ చూస్తే "టెస్టెడ్ 4 జీబీ లాప్‌టాప్ ర్యామ్" అమ్మకానికుంది. నావే అని రుజువు లేదు, లేబుల్ ఫోటో తీసుకునే తెలివి ఉంటేగా నాకు. గొప్ప చెత్తబుట్ట మాత్రం వాళ్ళది.

మీరు చేయిస్తే: ఇచ్చేముందు ర్యామ్ లేబుళ్ళ ఫోటో తీయండి, పాతవి చేతికిచ్చాకే డబ్బివ్వండి. మీ మెషీన్ 11కి పనికొస్తుందో లేదో పీసీ హెల్త్ చెక్ అనే మైక్రోసాఫ్ట్ టూలే చెబుతుంది. పనికిరాకపోతే తొందరేం లేదు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ పెట్టిన అదనపు సెక్యూరిటీ అప్‌డేట్స్ పథకంలో నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్స్ వస్తాయి.

ఒక స్టార్ రివ్యూ పెట్టా. తీసేస్తే "ఏదో ఒకటి చూద్దాం" అని పొద్దున వాళ్ళ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ముందు నా ర్యామ్‌లు ఇవ్వమని రాశా. ఇంకా జవాబు లేదు.