అను, ఆకృతి ఫాంట్లున్న కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్: మూడేళ్ల వాడకం

పర్లాకిమిడిలో మాది డీటీపీ, జిరాక్సు కొట్టు. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది గానీ, శుభలేఖలు తెలుగులో వేయించుకునేవాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉంటారు. అందుకే నా కంప్యూటర్‌లో అను ఫాంట్లూ, ఒడియాకి ఆకృతి ఫాంట్లూ పక్కపక్కనే ఉంటాయి. పేజీలు ఏ భాషలో కావాలో సైట్లకి చెప్పే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ భాషల వరసలో అప్పట్లో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు ఉండేవి.

సైట్లు మనల్ని గుర్తుపెట్టుకోడానికి బ్రౌజర్‌లో వదిలే కుకీలు రోజూ తుడిచేస్తున్నాను కదా, ఏ సైటు నన్ను గుర్తుపడుతుందిలే అనుకునేవాణ్ణి. నెట్‌లో జనం గోప్యత కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్ల ‘కవర్ యువర్ ట్రాక్స్’ పరీక్ష పెట్టి చూస్తే, నాలాంటి బ్రౌజర్ ఇంకోటి తగల్లేదంది. అంటే కుకీలు లేకపోయినా బ్రౌజర్ లక్షణాలని బట్టే సైట్లు నన్ను పోల్చుకోగలవు. దీన్నే బ్రౌజర్ వేలిముద్ర (ఫింగర్‌ప్రింటింగ్) అంటారు. 2010లో ఇదే పరీక్షకి పానోప్టిక్లిక్ అని పేరున్నప్పుడు, వచ్చిన బ్రౌజర్లలో 83.6 శాతం దేనికదే వేరుగా తేలాయట. నా విషయంలో ఎక్కువ పట్టిచ్చింది భాషల వరస. తెలుగు, ఒడియా రెండూ పెట్టుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు, మా సరిహద్దు జనం తప్ప?

ఫాంట్లదీ అదే కథ. పేజీ మనకి కనపడకుండా ఒకే మాటని రకరకాల ఫాంట్లలో రాసి వెడల్పు కొలుస్తుంది. వెడల్పు మారిందంటే ఆ ఫాంటు మన దగ్గర ఉన్నట్టే. శుభలేఖల కోసం పెట్టుకున్న ఫాంట్లే మనకి వేలిముద్ర అయిపోతాయి.

ఫైర్‌ఫాక్స్ లోపలి సెట్టింగులుండే అబౌట్ కాన్ఫిగ్ పేజీలోకి వెళ్లి ‘ప్రైవసీ డాట్ రెసిస్ట్ ఫింగర్‌ప్రింటింగ్’ని ట్రూ చేశాను. ఎవరో తెలీకుండా నెట్ చూడటానికి వాడే టోర్ బ్రౌజర్ నుంచి ఫైర్‌ఫాక్స్‌లోకి వచ్చిన సదుపాయం ఇది. మనం వేసుకున్న ఫాంట్లని పేజీలకి కనపడనివ్వదు. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ ఫాంటు ఉంటుంది కాబట్టి తెలుగు, ఒడియా రెండూ చక్కగానే చదువుకోవచ్చు. పేజీలు ఇంగ్లీషులో అడగమంటావా అని అదే అడిగింది, సరే అన్నాను. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఆ ఒక్క నొక్కే.

ఇక ఇబ్బందులు. గడియారాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని చెబుతుంది, అంటే మనకన్నా అయిదున్నర గంటలు వెనక. ఉదయం పదింటి స్లాటు నాలుగున్నరకి కనిపిస్తే, తెల్లారకుండానే బయల్దేరాలని ఒక పెద్దాయనకి చెప్పేశాను. రాత్రిపూట సైట్ల నల్లరంగు పోయి తెల్లగా కళ్లలో కొడతాయి.

అసలు దెబ్బ మాత్రం ఫోటోతో తగిలింది. ఒక కుర్రాడి స్కాలర్‌షిప్ ఫారం నింపి, ఫోటో ఎక్కించి, చూసుకోకుండా సబ్మిట్ నొక్కేశాను. ప్రింటు తీస్తే ముఖం ఉండాల్సిన చోట రంగురంగుల గీతలు. వాళ్లమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి, “ఇదేటి బావూ, మా గుంటడి మొకమేదీ?” అంది. తప్పు సైటుది కాదు. కొన్ని సైట్లు ఫోటోని బ్రౌజర్‌లోనే కాన్వాస్ అనే బొమ్మల పలక మీద గీసి, చిన్నది చేసి, తిరిగి చదువుకుంటాయి. వేలిముద్ర తీసేవాళ్లు వాడేదీ ఆ కాన్వాసే కాబట్టి, ఈ సెట్టింగు చదవబోయినవాళ్లకి అసలు బొమ్మ బదులు చెత్త అందిస్తుంది. అడ్రస్ బార్‌లో వచ్చే చిన్న బొమ్మ నొక్కి ఆ సైటుకి అనుమతి ఇస్తే సరిపోయేది. అప్పటికి నాకది తెలీదు. సరిచేయించడానికి రెండు రోజులు తిరిగాను.

ఆ తర్వాత ఫైర్‌ఫాక్స్‌లో రెండు ప్రొఫైళ్లు, అంటే దేని సెట్టింగులు దానికే ఉండేవి, చేసుకున్నాను. కొట్టు ఫారాలకి ఒకటి, అందులో ఇవేమీ లేవు. సొంత చదువుకి రెండోది, పూర్తి కట్టుదిట్టం. ఇంట్లో మా ఆవిడ ల్యాప్‌టాప్‌లో మాత్రం ట్రాకింగ్ రక్షణని ‘స్ట్రిక్ట్’లో పెట్టి ఊరుకున్నాను. 2023 నవంబర్‌లో వచ్చిన 120వ వెర్షన్ నుంచి అందులోనూ కాన్వాస్‌కి కొంత రక్షణ ఉంది, గడియారం జోలికి పోదు. చాలామందికి అది చాలు.

కాన్వాస్‌కి ఒకటి, ఫాంట్లకి ఒకటి అని బ్రౌజర్‌కి తగిలించే యాడాన్లు పోగేసుకోకండి. ఆ పోగే కొత్త గుర్తవుతుంది, నేను ఆర్నెల్లు చేసిన తెలివితక్కువ పని అదే. నెట్‌లో మన కనెక్షన్‌కి ఉండే నంబరు, ఐపీ అడ్రసుని ఇవేవీ దాచవు. సొంత పేరుతో లాగిన్ అయ్యాక ఇవన్నీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

అబౌట్ కాన్ఫిగ్ అంటే భయమున్నవాళ్లు సెట్టింగుల్లో భాషల వరస ఒక్కటి మార్చి చూడండి. నేను తెలుగునీ ఒడియానీ తీసేసి మూడేళ్లయింది. తెలుగు వికీపీడియా తెలుగులోనే తెరుచుకుంటోంది.