కర్నూలు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీ: గదిలోకి వెళ్లకముందు జరిగే పని

కోల్డ్ స్టోరేజీ బాగుందా లేదా అని చెప్పమంటే చాలామంది గదిలో ఎన్ని డిగ్రీలున్నాయో చూసి చెబుతారు. కూరగాయ నిలవడం, చెడడం సగానికి పైగా అది గదిలోకి వెళ్లకముందే తేలిపోతుంది గనుక, హోటళ్లకు కూరగాయలు సరఫరా చేసే నేను ముందుగా అక్కడి కడుగుడు తొట్టినే చూస్తాను. కర్నూలు శివార్లలో నేను బాడుగకు వాడుకుంటున్న స్టోరేజీకి ఆ విషయంలో మంచి మార్కులే ఇవ్వాలి.

పత్తికొండ నుంచి వచ్చిన టమాటాలను దించగానే దెబ్బ తిన్నవాటిని, తొడిమ దగ్గర చీలినవాటిని వేరు చేస్తారు. అక్కడి కుర్రవాడు ఒక కాయలోకి సూది థర్మామీటరు గుచ్చి, కాయ లోపలి వేడి కంటే తొట్టి నీళ్లు సుమారు 5 డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉండేలా సరిచూశాకే క్రేటును ముంచుతాడు. చల్లటి నీళ్లలో వేడి కాయ పడితే లోపలి గాలి కుంచించుకుపోయి, తొడిమ ఊడిన మచ్చ గుండా నీటిని, దానితోపాటు క్రిములను లోపలికి లాక్కుంటుంది. ఈ ఒక్క జాగ్రత్త పాటించేవారు మన ప్రాంతంలో అరుదు. నీటిలో క్లోరిన్ 100 నుంచి 150 పీపీఎం (పది లక్షల పాళ్ల నీటికి అన్ని పాళ్లు) మధ్య ఉందో లేదో పట్టీతో పరీక్షిస్తారు. మట్టి చేరేకొద్దీ క్లోరిన్ బలం తగ్గుతుంది కాబట్టి నీళ్లు మారుస్తారు కూడా.

తరువాత ప్రీకూలింగ్, అంటే గదిలో పెట్టకముందే కాయలోని వేడిని తీసేయడం. క్రేట్లను వరుసగా పేర్చి, పైన టార్పాలిన్ కప్పి, పెద్ద ఫ్యానుతో చల్లగాలిని కాయల మధ్య నుంచి లాగుతారు. మన ఎండల్లో కోసిన బెండకాయకు ఇది ప్రాణావసరం, ఎందుకంటే ఒంట్లో వేడి ఉన్నంతసేపు అది వేగంగా శ్వాసిస్తూ వాడిపోతూనే ఉంటుంది. బెండను 7 నుంచి 10 డిగ్రీల మధ్యనే ఉంచుతారు. అంతకంటే చల్లబరిస్తే గుంటలు పడి రంగు మారుతుంది. పచ్చి టమాటాను 12.5 డిగ్రీల కంటే కిందికి దించబోమని నిర్వాహకులు కచ్చితంగా చెప్పారు, అలా దించితే బయటికి తీశాక అది సరిగా పండదు, త్వరగా కుళ్లుతుంది.

ఉల్లిగడ్డలు మాత్రం తీసుకోబోమని చెప్పి వెనక్కి పంపారు. మెడ ఆరిన ఉల్లికి గాలిలో తేమ 65 నుంచి 70 శాతం ఉంటే చాలు, కూరగాయల గదిలో 90 శాతానికి పైగా ఉంటుంది. బాడుగ పోయినా నిజం చెప్పారు.

మైనపు పూత విడిగా డబ్బు తీసుకుని చేస్తారు. కీరదోసకు వేయించాను, నీరు ఆరిపోకుండా కాయ బిగువుగా నిలిచింది. గీతలు పడిన కాయకు మాత్రం వేయించవద్దు, దాని కుళ్లును ఏ పూతా ఆపదు.

అసలు లోపం గది లోపల ఉంది. పండిన టమాటాలు కాయలను మగ్గబెట్టే ఇథిలీన్ వాయువును వదులుతాయి, దానికి కీరదోస పసుపెక్కుతుంది, క్యారెట్ చేదెక్కుతుంది. ఇవన్నీ ఒకే గదిలో పెట్టడమే తప్పు. పైగా క్యారెట్‌కు సున్నా డిగ్రీల చలి కావాలి, కీరకు 10కి పైన ఉండాలి. ఒక గది ఇద్దరికీ న్యాయం చేయలేదు. ఇథిలీన్‌ను పీల్చుకోవడానికి పొటాషియం పర్మాంగనేట్ సంచులు వేలాడదీశారు గానీ, నేను చూసినప్పుడు వాటి ఊదారంగు పూర్తిగా గోధుమరంగుకు మారి ఉంది, అంటే వాటి పని అయిపోయినట్టే. హోటలు నుంచి పసుపెక్కిన కీర తిరిగి వచ్చినప్పుడు నష్టం నాదే అయింది. ఇంత శ్రద్ధగా కాయను కడిగేవారు చవకైన సంచిని మార్చకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

పచ్చి టమాటా, బెండ ఉన్నవారు నిశ్చింతగా పంపవచ్చు. ఇంకో గది కడుతున్నామని నిర్వాహకులు చెబుతున్నారు. అది తయారయ్యేదాకా నా కీరదోస, క్యారెట్ అక్కడికి వెళ్లవు.